ఊరికి పోయొచ్చి ఇంట్లో పడగానే అంత హాయి ఎందుకు

ఏ హోటల్ రూమైనా తీసుకోండి, ఏసీ ఉంటుంది, తెల్ల దుప్పటి ఉంటుంది, కుళాయి తిప్పితే వేడినీళ్ళొస్తాయి. అదే కర్నూల్లోనో కడపలోనో ఒక మామూలు ఇంట్లో ఏముంటుంది, నాలుగులో పెట్టినా రెండులో ఉన్నట్టే తిరిగే ఫ్యాను, బకెట్ అంచుకి తెల్లగా ఉప్పు పట్టించే బోరు నీళ్ళు, మధ్యలో గుంట పడిన పరుపు. అయినా మూడు రోజులు ఊటీయో మైసూరో తిరిగొచ్చి చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే "అబ్బ, ఎంత తిరిగినా ఇల్లు ఇల్లే" అనే మాట వచ్చేది ఈ ఇంట్లోనే. హోటల్ రూములో అడుగు పెట్టినప్పుడు మహా అంటే "రూము బాగుంది" అంటారు, అబ్బ అని మాత్రం అనరు. వసతి ఎక్కువున్న చోట రాని హాయి తక్కువున్న చోట ఎందుకొస్తుందనేది కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతే, మన ఇల్లు కాబట్టి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు విషయం చేజారిపోతుంది.

నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళకి దీంట్లో సగం సంగతి ఎప్పుడో తెలుసు. మనుషుల్ని ల్యాబులో పడుకోబెట్టి తలకి వైర్లు తగిలించి నిద్ర కొలుస్తారు కదా, మొదటి రాత్రి లెక్కలు ఎప్పుడూ తేడాగానే వచ్చేవి, నిద్ర ఆలస్యంగా పట్టడం, మధ్యమధ్యలో మెలకువలు రావడం, ఇట్లా. 1966లోనే దీనికి ఫస్ట్ నైట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టేశారు (పేరు వినగానే మనకి గుర్తొచ్చేది వేరే, అది కాదు). చాలా ఏళ్ళు ఆ మొదటి రాత్రి డేటాని పక్కన పడేసి రెండో రాత్రి నుంచి లెక్కేసుకునేవాళ్ళు. 2016లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు ఆ పారేసే రాత్రినే పట్టుకోని చూస్తే తేలిందేమంటే, కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదు, కుడి చెవిలో చిన్న తేడా శబ్దం వినిపిస్తే ఆ సగం టక్కున అందుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ అక్కడే పడుకోబెడితే ఆ తేడా పోయింది. డాల్ఫిన్లు, కొన్ని పక్షులు సగం మెదడుతో నిద్రపోయి మిగతా సగంతో కాపలా కాసుకుంటాయి, మనిషికి అంత లేకపోయినా కొంచెం ఇంకా మిగిలుందన్నమాట.

అనంతపురం పక్క శెనక్కాయ వేసే ఊర్లల్లో దీన్ని ల్యాబు లేకుండానే చెప్తారు. పందులు పడి చేను తవ్వేస్తాయని మంచె మీద పడుకునే మనిషి గురక పెడుతూనే ఉంటాడు, ఆకు కదిలిందంటే లేచి కూర్చుంటాడు. తెల్లారి అడిగితే నిద్రపోయినా అంటాడు గానీ కళ్ళు చూస్తే తెలిసిపోతుంది. హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకున్న మనిషి కూడా ఒక లెక్కలో మంచె మీదే ఉన్నాడు, తలుపుకి గొళ్ళెం వేసినా లేదా అని రెండుసార్లు లేచి చూసుకోవడం, పర్సు దిండు కింద పెట్టుకోవడం, లిఫ్టు చప్పుడైతే చెవి అటు పోవడం, ఇదంతా కాపలానే. ఇంటికి రావడమంటే ఆ మంచె దిగడం. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ దిగడం ఇంటి గడప దగ్గర మొదలవదు, రోడ్డు మీద ఉండగానే మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు వచ్చే బస్సులో చూడండి, పుల్లూరు టోల్‌గేట్ దాటి తుంగభద్ర బ్రిడ్జి మీదికి ఎక్కేసరికి అప్పటిదాకా నోరు తెరుచుకోని నిద్రపోయినోళ్ళు కూడా ఎవరూ లేపకుండానే లేచి సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చేవాళ్ళకి కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ కొండ, తిరుపతి నుంచి కడపకి వచ్చేవాళ్ళకి ఒంటిమిట్ట గోపురం. కారులో అయితే దీనికి ఇంకా మంచి గుర్తు ఉంది, అప్పటిదాకా ఐదు నిమిషాలకోసారి ఎడమకి తిరగండి కుడికి తిరగండి అని చెప్తున్న ఫోన్‌లో అమ్మాయి గొంతుని డ్రైవింగ్ చేసేవాళ్ళు ఒక చోట నొక్కి ఆపేస్తారు. మ్యాపు ఆపేసే ఆ చోటే అసలైన ఊరి పొలిమేర, రెవెన్యూ రికార్డుల్లో ఏముంటే ఏం. అక్కడి నుంచి దారి చెప్పే పని మెదడు తీసేసుకుంటుంది. ఒక చోటికి వచ్చినప్పుడు మాత్రమే వెలిగే కణాలు మెదడులో ఉంటాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో కనిపెట్టాడు, దానికి 2014లో మోజర్ దంపతులతో కలిపి నోబెల్ కూడా ఇచ్చారు. తెలిసిన రోడ్డు మీద ఆ పటం ముందే గీసి ఉంటుంది, కొత్త ఊర్లో అయితే నడుస్తూ నడుస్తూ గీసుకోవాలి, గీసుకోవడమే ఒక కష్టం.

పోయేటప్పుడు తరగని దారి వచ్చేటప్పుడు ఇట్టే అయిపోయినట్టు అనిపించడం కూడా ఉత్త భ్రమ అని కొట్టిపారేయక్కర్లేదు, భ్రమే గానీ కొలిచిన భ్రమ. నెదర్లాండ్స్‌లో 2011లో వచ్చిన ఒక స్టడీలో అంతే దూరం, అంతే టైము పట్టిన ప్రయాణాల్లో తిరుగు ప్రయాణం సగటున 22 శాతం తక్కువగా అనిపించిందని తేలింది. తెలిసిన దారి కాబట్టి అనుకుంటాం కదా, అది కూడా కాదంట, వేరే దారిలో వెనక్కి తీసుకొచ్చినా అట్లాగే అనిపించింది. పోయేటప్పుడు ఇంతలో వచ్చేస్తుందిలే అనుకుంటాం, రాదు, దాంతో వచ్చేటప్పుడు ఎంతసేపు పడుతుందో ఏమో అని ముందే మనసు గట్టి చేసుకుంటాం, అనుకున్నదానికన్నా ముందే అయిపోయినట్టుంటుంది. వాళ్ళు చెప్పిన కారణం ఇది, నమ్మబుద్ధి అయ్యేదే. కాకపోతే చివరి పది కిలోమీటర్లకి ఈ లెక్క పనికిరాదు, అక్కడ ప్రతి సిగ్నలూ ప్రతి గొర్రెల మందా శత్రువే. క్లార్క్ హల్ అనే సైకాలజిస్టు 1934లో ఎలుకల్ని పరిగెత్తించి, గమ్యం దగ్గరయ్యే కొద్దీ వాటి స్పీడు పెరుగుతుందని చూపించాడు. ఎద్దులబండి తోలినోళ్ళు ఎవరైనా అది చెప్పేవాళ్ళు, పొద్దున చేనుకి పోయేటప్పుడు ముల్లుకర్రతో పొడిచినా కదలని ఎద్దులు సాయంత్రం ఇంటిదారి పడితే పగ్గం పట్టుకోని ఆపాల్సొస్తుంది.

ఇంక ఇల్లు. తాళం తీసేటప్పుడు జరిగే ఒక సంగతి గురించి ఎవరూ మాట్లాడరు గానీ అందరికీ తెలుసు, ఐదు గంటల ప్రయాణంలో రాని ఒంటికి సరిగ్గా తాళంచెవి చేతిలోకి తీసుకోగానే ఆగకుండా వస్తుంది. డాక్టర్లు దీనికి ఆ తాళంచెవి పేరే పెట్టుకున్నారు, గంట మోగితే కుక్కకి నోరూరినట్టు గుమ్మం కనిపిస్తే ఒంటికి అలవాటైన ఆర్డరు అందుతుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ ఇది చెప్పే విషయం పెద్దది, మనం వచ్చేశాం అని మనసు అనుకోకముందే ఒళ్ళు అనేసుకుంది.

తలుపు తీయగానే మొదట పలకరించేది వాసన. నాలుగు రోజులు మూసిపెట్టిన గాలి, దాంట్లో చింతపండు జాడీ, శెనక్కాయ నూనె, దేవుడి గూట్లో ఊదుబత్తి మసి, మూలనున్న ఎండుమిరపకాయల బస్తా, అన్నీ కలిసి ఒకటే వాసన. ఆ ఇంట్లో రోజూ ఉండేవాళ్ళకి ఇది తెలియదు, ఎప్పుడూ ఉండే వాసనని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది. ప్రతి ఇంటికీ ఒక వాసన ఉంటుందని పక్కింటికి పోయినప్పుడు తెలుస్తుంది, మన ఇంటిది మాత్రం ఊరికి పోయొచ్చినప్పుడు ఆ రెండు మూడు నిమిషాలే, మళ్ళీ ముక్కు మూసేసుకుంటుంది. చూపు, వినికిడి మెదడులో ఒక మజిలీలో ఆగి ముందుకి పోతాయి, వాసన ఆ మజిలీ లేకుండా నేరుగా జ్ఞాపకం, భావోద్వేగాలు ఉండే భాగాల పక్కకే పోతుంది, అందుకే ఆ రెండు నిమిషాల్లో ఒక్కోసారి పెద్దోళ్ళు ఉన్నప్పటి ఇల్లు కూడా గుర్తొచ్చేస్తుంది, అడగకపోయినా.

తర్వాత కాళ్ళు. పాత ఇళ్ళల్లో కింద కడప బండలో బేతంచెర్ల బండలో ఉంటాయి, వాటి మీద ఉత్త కాళ్ళు పెడితే చల్లగా తగులుతుంది. నిజానికి బండ గదికన్నా చల్లగా ఏం ఉండదు, రాయి కాలిలో ఉన్న వేడిని గబగబా లాగేసుకుంటుంది కాబట్టి మనకి చల్లగా అనిపిస్తుంది, కార్పెట్ అట్లా లాగలేదు. పది గంటలు బూట్లలో ఉడికిన పాదానికి ఇంతకన్నా పెద్ద సుఖం ఏముంటుంది. టైల్స్ వేసుకున్న ఇళ్ళల్లో కూడా ఉంటుంది గానీ బండకి చాలా ఏళ్ళు నడిచి నడిచి వచ్చిన నునుపు వేరు, ఇది కొంచెం పక్షపాతంగా చెప్తున్న మాటే.

ఇంకొకటి, లైటు వేయడం. చీకట్లో లోపలికి వచ్చి చూడకుండానే చెయ్యి పోయి సరిగ్గా స్విచ్ మీద పడుతుంది, బోర్డులో ఆరు స్విచ్‌లుంటే ఎడమ నుంచి మూడోది ట్యూబ్‌లైటు అని వేలికి తెలుసు, నోటితో చెప్పమంటే చెప్పలేరు. హోటల్లో ఇదే పనికి మనిషి తిప్పలు చూడాలి, కార్డు యాడ పెట్టాలి, బెడ్ లైట్ ఆర్పబోతే అన్నీ ఆరిపోతాయి, షవర్ ఎటు తిప్పితే వేడి ఎటు తిప్పితే చల్ల. వెండీ వుడ్ అనే అమెరికా సైకాలజిస్టు, వాళ్ళ టీము 2002లో జనం రోజంతా చేసే పనుల్ని రాయించి చూస్తే దాదాపు 43 శాతం పనులు దాదాపు రోజూ, అదే చోట చేసే అలవాటు పనులే అని తేలింది. చోటు మారితే ఆ అలవాట్లలో చాలా వాటికి పట్టు పోతుంది, ప్రతి దానికీ ఆలోచించాలి. సాయంత్రానికి పెద్దగా ఏం చేయకపోయినా అలసట ఎందుకంటే ఇదే, కొండలెక్కినందుకు కాదు, ఎక్కడ తినాలి, ఆటో ఎంత అడుగుతాడు, బ్యాగు ఎవరి దగ్గరుంది అని రోజంతా తేల్చుకుంటూ ఉన్నందుకు. ఇంట్లో స్విచ్ మీద చెయ్యి పడిన క్షణం ఆ లెక్కలన్నీ ఆగిపోతాయి.

స్నానం సంగతి రాయలసీమ వాళ్ళకి ప్రత్యేకం. ఇక్కడ చాలా ఇళ్ళల్లో బోరు నీళ్ళే, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు నురగ రాదు, జుట్టు పీచు అవుతుంది, తిట్టుకోని రోజు లేదు. అయినా రాజమండ్రి పక్కకి పెళ్ళికి పోయొచ్చినోళ్ళని అడిగితే అక్కడ ఎన్ని నీళ్ళు పోసుకున్నా సబ్బు పోయినట్టు లేదు, జిగటగా ఉంది అంటారు. మెత్తని నీళ్ళల్లో చర్మం మీద ఆ జారుడు అట్లాగే అనిపిస్తుంది, మన ఉప్పు నీళ్ళల్లో సబ్బు విరిగిపోయి చర్మం గరగరలాడుతుంది, ఆ గరగరనే శుభ్రం అని ఒళ్ళు నేర్చుకుంది. అంటే మంచి నీళ్ళకన్నా అలవాటైన చెడ్డ నీళ్ళే హాయి. మొదట్లో అడిగిన ప్రశ్నకి దీనికన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి దొరకదు.

కడుపుది కూడా ఇదే కథ. టైముకి తినకపోవడం, బస్సు ఆగదని నీళ్ళు తక్కువ తాగడం, వచ్చినప్పుడు పోకుండా ఆపుకోవడం, మూడూ కలిస్తే మూడు రోజులు బిగుసుకుపోతుంది, నాలుగో రోజు పొద్దున తన ఇంట్లో తన బాత్రూములో, ఇంక చెప్పక్కర్లేదు. తిండి దగ్గర ఎవరూ వచ్చిన రోజు బిర్యానీ అడగరు, వేడి అన్నం, పప్పు, ఇంత ఊరిబిండి, మజ్జిగ. లేకపోతే సంగటి. మరుసటి రోజు పొద్దున ఉగ్గాని బజ్జి తింటే గానీ ఊర్లోకి వచ్చినట్టుండదనే వాళ్ళు కర్నూల్లో, అనంతపురంలో చాలామంది. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టినదాంట్లో అంత ఏముంది అని పక్క జిల్లా వాళ్ళు అడగొచ్చు, నాలుక చెప్పే జవాబు ఏం లేదు, అడగకుండా దొరికింది కాబట్టి, అంతే.

అడగకుండా దొరకడం. ఇక్కడే ఆగాలి, ఎందుకంటే ఎవరో ఒకరు పెడితే కదా దొరికేది. ఒంటిమిట్ట గోపురం కనబడగానే కారులోంచి ఇంటికి ఫోన్ పోతుంది, "వచ్చేసినాం, ఎసరు పెట్టు" అని. ఇంట్లో ఎవరూ లేకుండా అందరూ కలిసి పోయొచ్చారనుకోండి, అప్పుడు చూడాలి. ఒకే బస్సు, ఒకే సీటు, ఒకే నడుము నొప్పి. ఆయన వచ్చి మంచం మీద వాలిపోయి అబ్బ అంటాడు. ఆమె బ్యాగు భుజం మీదే పెట్టుకోని ఫ్రిజ్ తెరిచి పులిసిపోయిన పెరుగు తీసి సింకులో పోస్తూ ఉంటుంది, తులసి చెట్టు వాడిపోయిందని చెంబుతో నీళ్ళు, చీమలు పట్టిన చక్కెర డబ్బా ఎండలో, నాలుగు రోజుల మాసిన బట్టలు, పాలు లేవు, నీళ్ళ మోటరు వేయాలి. 2019లో ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో ఇంట్లో జీతం లేని పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఊరికి పోయొచ్చిన రోజు ఆ తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది, సర్వే అక్కర్లేదు చూస్తే చాలు. ఆమె మంచె దిగలేదు, ఒక మంచె దిగి ఇంకో మంచె ఎక్కింది. ఆ మూడు రోజులు ఎవరో చేసిన ఇడ్లీ ఎవరో తీసిన కంచం, ఆమెకి సేద దొరికింది ఆ హోటల్లోనే అయ్యుండొచ్చు. ఇల్లు ఇల్లే అనే మాట ఎక్కువగా ఎవరి నోట్లోంచి వస్తుందో గమనిస్తే సరిపోతుంది.

ఇదంతా సరదాగా పోయొచ్చేవాళ్ళ లెక్క. ఈ జిల్లాల్లో అట్లా పోయేవాళ్ళకన్నా బతకడానికి పోయేవాళ్ళ గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి వాన సగటున 550 మిల్లీమీటర్లు, పక్కనే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కూడా వాన మీద నమ్మకం అంతంత మాత్రమే. అక్కడ పంట పోయిందంటే సుగ్గికి పోతారు, గుంటూరు పక్కకి మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి, నెలల తరబడి. వీధికి వీధి తాళాలు, అరుగుల మీద ముసలోళ్ళు, పిల్లలు కొందరు వాళ్ళ దగ్గర, కొందరు సీజనల్ హాస్టళ్ళల్లో. చేన్ల పక్కన పట్టలు కప్పిన గుడిసెల్లో ఉండి చాలామంది ఉగాదికి వెనక్కి వస్తారు. వాళ్ళు నిజంగానే మంచె మీద ఉండి వచ్చినోళ్ళు. వచ్చిన రోజు ఆ ఇల్లు వాళ్ళకి ఏం ఇస్తుందంటే తలుపు ఇస్తుంది, మూసుకోని పడుకునే తలుపు. అప్పిచ్చినాయన పొద్దున్నే వచ్చి అదే తలుపు కొడతాడు, అది వేరే సంగతి.

కడప, రాజంపేట, రాయచోటి పక్క నుంచి బతకడానికి పోయేది కువైట్‌కి. రెండేళ్ళకోసారి సెలవు, చెన్నైలో దిగి కారు మాట్లాడుకోని, డిక్కీలో పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, ఈ ఎండల్లో ఎవరూ కప్పుకోలేని లావు దుప్పట్లు. మనం ఎక్కడికి పోయినా పోయొస్తా అనే అంటాం, పోతా అంటే పెద్దోళ్ళు నోరు మూస్తారు, రావడం ఆ మాటలోనే కట్టి పంపిస్తారు. ఇంటి మీద బెంగని ఒకప్పుడు డాక్టర్లు జబ్బు కిందే రాసేవాళ్ళు, 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, సొంతూరికి దూరమైన వాళ్ళు చిక్కిపోతున్నారని రాస్తూ తిరిగి ఇల్లు చేరడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలు అతికించి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ మాట పాత పాటలకీ పాత సినిమాలకీ వాడుతున్నారు గానీ పుట్టింది వలస మనిషి ఒంటి నొప్పిలోంచి.

అట్లా వచ్చిన మనిషికి కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక కదా, మొదటి రెండు మూడు రోజులు రాత్రి పన్నెండున్నర అయినా ఒంటికి పదే అయినట్టుంటుంది, ఇల్లంతా నిద్రపోయాక ఒక్కడే మేలుకోని ఉంటాడు. నీళ్ళు తాగుదామని లేచి వంటింట్లోకి పోతాడు, చీకట్లో చెయ్యి అలవాటు ప్రకారం తలుపు పక్కన ఎడమవైపు గోడ మీదికి పోతుంది, అక్కడ నున్నటి గోడ తగులుతుంది. పోయినేడు తను పంపిన డబ్బులతోనే వంటిల్లు పెద్దది చేసి బోర్డు అటు పక్కకి మార్చినారు, వీడియో కాల్‌లో చూపించినారు కూడా, బాగుంది అన్నాడు కూడా. చెయ్యి ఇంకొంచెం పైకి, ఇంకొంచెం కిందికి వెతుకుతుంది. సెలవు అయిపోయే నాటికి వేళ్ళు ఆ కొత్త చోటు నేర్చేసుకుంటాయి, అప్పటికి టికెట్ డేటు వచ్చేస్తుంది.